బామ్మగారి నల్ల కుంచె

మొన్న మా పాప స్కూల్ కార్నివాల్‌లో ఫేస్ పెయింట్ వాసన తగలగానే, చిన్నప్పుడు అమెరికాలో, టెక్సస్‌లోని ప్లేనోలో మా పై అపార్ట్‌మెంట్‌లో ఉండే చైనా బామ్మగారు గుర్తొచ్చారు.

ఆవిడ ఒకప్పుడు వాళ్ళ దేశంలో నాటకాలవాళ్ళ ముఖాలకు రంగులు వేసేవారట. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఒకరోజు వాళ్ళింట్లో టీ కప్పు పగలగొట్టి, ఎవరూ చూడకపోయినా ముక్కలు తీసుకెళ్ళి నేనే ఆవిడకు చూపించాను.

ఆ వారమే వాళ్ళ కొత్త సంవత్సరం. పిల్లలందరికీ రంగులు వేస్తూ నా దగ్గరికొచ్చారు. నేను తెలుపు చూపించాను. మా ఇంటికొచ్చే ఆంటీలు "పిల్ల కాస్త రంగు తక్కువ" అనేవాళ్ళు మరి. ఆవిడ తల అడ్డంగా ఊపి నల్ల కుంచె తీశారు.

"నేను నల్లగా ఉన్నాననే అమ్మా!" అని పక్కనే ఉన్న అమ్మను పట్టుకుని ఏడ్చాను.

"పదవే, ఇంటికెళ్దాం," అని అమ్మ నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. బామ్మగారు కుంచెతోనే మెట్లదాకా వచ్చి, ఏదో ఒకే మాట పదేపదే అన్నారు. మాకు అర్థం కాలేదు.

వాళ్ళ నాటకాల్లో నలుపు నిజాయితీపరులదనీ, తెలుపు దగాకోరులదనీ కాలేజీలో చైనా రూమ్మేట్ చెప్పింది. అప్పటికి బామ్మగారు తిరిగెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది.

కార్నివాల్‌లో మా పాప వేలు తెల్లరంగు డబ్బా మీద ఆగింది. దాని పక్కన కూర్చుని, పగిలిన టీ కప్పు సంగతి చెప్పడం మొదలుపెట్టాను.