గడ్డకట్టిన జిగురు

నంద్యాలలో మా వంటింటి గట్టు రాయి పగిలితే, మేస్త్రీ ఈ పొద్దున ఎపాక్సీ జిగురు కలిపాడు. ఎండుచేపలా ముక్కుకు తగిలే ఆ వాసనకు ఓబులేసన్న గుర్తొచ్చాడు. ఆళ్లగడ్డలో ఆయనకు రాతిబొమ్మలు చెక్కే షెడ్డు ఉండేది. డిగ్రీ అయ్యాక రెండేళ్లు అక్కడ ఆర్డర్లు రాసుకుంటూ, సామాన్లు చూసుకుంటూ పనిచేశాను. నేను పెద్దగా మాట్లాడేదాన్ని కాదు. ఆయనా అంతే.

విడిగా చెక్కిన భాగాలను అతికించేటప్పుడు జిగురులో అదే రాతిపొడి కలిపేవాడు. అతుకు కనపడేది కాదు. చలికాలం సాయంత్రాలు జిగురు డబ్బాలను లోపలి గదిలో చెక్కబల్ల మీద పెట్టడం నా పని. ఒకరోజు బస్సు తొందరలో బయట బండ మీదే వదిలేశాను. తెల్లారేసరికి జిగురు పాత తేనెలా అడుగున పలుకులు కట్టింది. చెడిపోయిందనుకున్నాను. చెప్పడానికి నోరు రాలేదు. పైన తేరినది మాత్రం వేరే డబ్బాలోకి వంచి ఇచ్చి, పలుకులున్న డబ్బాను గోనెసంచుల వెనక దాచాను. ఆయన నేను వంచి ఇచ్చినదాంతోనే దేవదూత బొమ్మకు రెక్క అతికించాడు. గోస్పాడు రైతు ఒకాయన తల్లి సమాధి కోసం చేయించుకున్న బొమ్మ అది.

మర్నాడు ఆ రైతు ట్రాలీ ఆటో తెచ్చాడు. బొమ్మను ఎక్కించి తాళ్లు కడుతున్నారు. దారిలో రెక్క ఊడి ఎవరి మీదైనా పడితే? ఓబులేసన్న పక్కకు వెళ్లి, రైతుకు వినపడకుండా చెప్పాను.

"ఆపన్నా. జిగురు చలికి పలుకులు కట్టింటే, పైది మాత్రం వంచి ఇచ్చినా."

ఓబులేసన్న నన్నొకసారి చూసి, అతుకు దగ్గర గోరు గుచ్చాడు. మెత్తగా దిగింది.

"దింపండప్పా. చలికి పట్టుకోల్యా. రెండు దినాలు ఆగి రా," అన్నాడు రైతుతో. నా పేరెత్తలేదు.

"రేపు పాస్టరయ్య వస్తాండాడు కదన్నా. ఊరంతా చెప్పుకున్యా."

"రెక్క లేకుండా తీస్కపోతావా మరి?"

రైతు గొణుక్కుంటూ వెళ్లాక, దాచిన డబ్బా తెమ్మన్నాడు. మూత బిగించి వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టాడు. పొయ్యి మీద మాత్రం పెట్టకూడదట. కాసేపటికి పలుకులన్నీ కరిగి జిగురు అద్దంలా తేటపడింది. అయినా సగం వంచేసినదాన్ని నమ్మలేక, రెక్కకు కొత్త డబ్బా విప్పాడు.

"చూస్తివా పాపా, ఇది కరిగిపాయ. నీ నోరు గడ్డకడితే యే నీళ్లలో పెట్టాల?"

గిన్నెలో నీళ్లు పారబోశాను.

"ఈసారి చెప్పినావులే," అని రాతిపొడి జల్లెడ పట్టమన్నాడు.

నోటితో అనలేనివి డైరీలో రాసుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. ఆ రోజు రాయడానికేమీ మిగల్లేదు. ఇప్పుడు బళ్లో లెక్కలు చెబుతున్నాను. బోర్డు మీద తప్పు చేస్తే, పిల్లలు కనిపెట్టకముందే నేనే చెప్పేస్తాను. గొంతు వణుకుతుంది. వణుకుతూనే చెబుతాను.