కడప సముద్రంలో కాల్షియం పెరిగిన వైనం

కడప పట్టణ చరిత్రలో ఈ ఏడు మార్చి నెలాఖరున ఒక పెద్ద మార్పు జరిగింది. పెద్దసుబ్బయ్య ఆకువక్క వేసుకునే వేళ మారింది. ముప్పై ఒక్క ఏళ్లుగా రాత్రి భోజనం తరువాత జరుగుతూ వచ్చిన ఆ కార్యం, ఆయన సిమెంటు ఫ్యాక్టరీ లాబొరేటరీ నుంచి రిటైరైన మర్నాడే పొద్దున టిఫిను వెనక్కి వచ్చి చేరింది. రాజ్యాలు మారినప్పుడు శాసనాలు వేయిస్తారు. దీనికి ఎవరూ వేయించలేదు. వేయించి ఉంటే, ఆ తరువాత జరిగినదానికి ఒక ఆధారమైనా దొరికేది.

ఫ్యాక్టరీలో ఆయన పని సున్నపురాయిలో కాల్షియం ఎంతుందో తేల్చడం. ఆయన చెప్పిన అంకెను ఎవరూ తిరిగి చూసేవాళ్లు కాదు. ఒకే ఒక్కసారి ఒక కొత్త ఇంజనీరు తిరిగి చూశాడు, అదే అంకె వచ్చాక ఆయనకు టీ తెప్పించాడు.

అటువంటి మనిషి ఇంటి హాల్లో ఆరేళ్లుగా ఒక సముద్రం ఉంది. నాలుగడుగుల గాజుతొట్టి, ఉప్పు కలిపిన రెండువందల లీటర్ల నీళ్లు, వాటిని చల్లగా ఉంచే మిషను, నడుమ ఒక సుత్తి పగడం, అంటే సుత్తి ఆకారపు మెత్తటి తలలతో పెరిగే సముద్రజీవి. ఎండాకాలం పెన్నలో కూడా ఇసుక తప్ప కనిపించని ఊళ్లోకి, చెన్నై నుంచి బస్సులో, ఆక్సిజన్ నింపిన సంచిని ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు దాన్ని. పైదేశంలో పెంచిన పగడం. దానికున్నన్ని కాగితాలు ఆ వీధిలో ఏ ఇంటిస్థలానికీ లేవు. రెండు తలలతో వచ్చింది, పదకొండు తలలైంది. పొద్దున లేచి ఆ తలలు లెక్కపెట్టుకోనిదే ఆయన కాఫీ ముట్టడు.

పగడానికి ఎముక పెరగాలంటే నీళ్లలో కాల్షియం ఉండాలి. లీటరుకు నాలుగువందల ఇరవై మిల్లీగ్రాముల దగ్గర ఉంటే సుఖం. బాగా తగ్గితే పగడం కృశిస్తుంది. బాగా పెరిగితే కాల్షియం నీళ్లలో నిలవక తెల్లగా విరిగి అడుక్కు దిగుతుంది. అందుకని రోజూ కాల్షియం మందు కాస్త పోయడం, రోజూ పరీక్ష. గాజుగొట్టంలో కొద్దిగా తొట్టి నీళ్లు తీసుకుని, రంగుపొడి కలిపి, కిట్టుతో వచ్చిన ద్రావణం చుక్క చుక్కగా వేస్తూ కదిలించాలి. గులాబీరంగు నీలానికి తిరిగేసరికి ఎన్ని చుక్కలు పడితే అంత కాల్షియం. కదిలించేటప్పుడు పెద్దసుబ్బయ్య గొట్టం మూతిని బొటనవేలితో మూసేవాడు. అది ఫ్యాక్టరీలో ఆయనకు పని నేర్పిన పెద్ద ఈరన్న పద్ధతి. "మూత ఎతుక్కునేవానికి రంగు ఆగదప్పా" అనేవాడు ఈరన్న.

రిటైరయ్యాక ఈ పరీక్ష కూడా సాయంత్రం నుంచి పొద్దునకు, ఆకువక్క వెనువెంటనే జరిగే పనిగా మారింది.

ఏప్రిల్ మొదటి వారంలో అంకె నాలుగువందల యాభైకి పోయింది. ఆయన మందు సగం చేశాడు. నాలుగువందల ఎనభై. మందు పూర్తిగా ఆపాడు. ఐదువందల పది. ఏమీ పోయని నీళ్లలో కాల్షియం తనంతట తాను పెరుగుతోంది. పగడం తలలు లోపలికి ముడుచుకోసాగాయి. ఒక తల కండంతా ఊడి, కింద తెల్లటి ఎముక బయటపడింది. పెద్దసుబ్బయ్య తొట్టిలో రాళ్లను అనుమానించాడు, ఉప్పు ప్యాకెట్‌ను అనుమానించాడు, హాలుకు కొత్తగా వేయించిన వెల్లను అనుమానించాడు. దిగులు పెరిగేకొద్దీ ఆకు ఒకటి రెండైంది, రెండు మూడైంది. అంకె కూడా వాటి వెనకే నడిచింది.

శనివారం మాత్రం వేరు. ఆ రోజు వెంకటేశ్వరస్వామి పేర ఉపవాసం, ఆకు కూడా ముట్టడు. మొదటి శనివారం అంకె మూడువందల డెబ్బై అని వచ్చింది. "కిట్టు గూడా ఒక్కపొద్దు ఉన్నట్టుండాదే" అనుకుని, రోజూ అంకె రాసిపెట్టే క్యాలెండరు మీద రాయలేదు. తరువాతి శనివారం మూడువందల యాభై. ఆ తరువాత మూడువందల ముప్పై. శనీశ్వరుడి దినాన ఏ పరికరమూ సరిగా పనిచేయదని తీర్మానించి, అప్పటి నుంచి శనివారం పరీక్షే మానుకున్నాడు.

మే మూడో వారానికి మూడు తలలు పోయాయి. మిగిలిన ఎనిమిదీ ముడుచుకునే ఉన్నాయి. ఇక నీళ్లన్నీ ఒక్కసారిగా మార్చడం ఒక్కటే దారి అనుకున్నాడు. అంత నీరసించిన పగడం అంత మార్పుకు తట్టుకోదని ఆయనకు తెలుసు. అయినా కొత్త ఉప్పునీళ్లు కలిపి రెండు డ్రమ్ములు వరండాలో సిద్ధంగా పెట్టాడు. మార్చే ముందు అంకెకు ఒక సాక్షి ఉంటే మంచిదని, రెండిళ్ల అవతల ఉండే ప్రేమజ్యోతిని పిలిపించాడు. ఆమె జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు.

"నువ్వు చూస్తే చాలమ్మా. చేసేది నేనే."

"ఊరికే చూసేదానికి నేనెందుకు సార్? ఒక తూరి నేను గూడా చేస్తా. కాలేజీలో పిల్లోళ్లతో దినామూ చేయిస్తాండా గదా."

"చెయ్యి. నా అంకెకు నీ అంకె అడ్డం రాదులే."

ప్రేమజ్యోతి గొట్టాన్ని మూయలేదు. మెడ దగ్గర పట్టుకుని గుండ్రంగా తిప్పుతూ చుక్కలు వేసింది. రంగు తొందరగానే నీలానికి తిరిగింది. మూడువందల ఇరవై.

"తొందరపడినావు."

"నీలం వచ్చినాక ఆపినా సార్. ఇంకా యాడికని పోయాల?"

పెద్దసుబ్బయ్య అదే గొట్టం కడిగి, అదే తొట్టి నీళ్లు తీసి, బొటనవేలు పెట్టి మూసి కదిలించాడు. ఐదువందల నలభై.

ఆయనకు తాను రాయకుండా వదిలేసిన శనివారాలు గుర్తొచ్చాయి. డెబ్బై, యాభై, ముప్పై. దాని కింద ఇప్పుడు ఇరవై. ఆ వరస ఎటు దిగుతోందో ఎవరూ చెప్పనక్కరలేదు. పెరిగిపోయిందని తాను మందు ఆపిన ఆరు వారాలూ పగడం పస్తు ఉంది.

మూడో ఆకు కోసం ఆకువక్క పళ్లెం తెచ్చి, రెండు పరీక్షలూ చూస్తూ నిలబడిన భార్య అలివేలమ్మ గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది.

"ఆయమ్మ చేసినప్పుడు మూతికి సున్నం అంటలేదే" అంది.

"ఏం సున్నం?"

"మీ వేలి సున్నం. దినామూ ఉంటాది గదా. కడిగేది నేనే."

"రెండు నెల్లుగా చూస్తాండావా? ఒక్క మాట చెప్పకూడదా?"

"సున్నం పరీక్ష అంటిరి. సున్నం ఉంటాదిలే అనుకొంటి."

పెద్దసుబ్బయ్య బొటనవేలు చూసుకున్నాడు. ఆకుకు సున్నం రాసిన వేలే అది. గోటి కింద తెల్లగా నెలవంకంత ఉంది. ప్రేమజ్యోతి కిటికీ వైపు తిరిగి చాలాసేపు వీధిని పరీక్షించింది.

డ్రమ్ముల్లో నీళ్లు డ్రమ్ముల్లోనే ఉండిపోయాయి. మందు రోజుకు కొంచెం కొంచెంగా మళ్లీ మొదలుపెట్టి, మూడు వారాల్లో అంకెను నాలుగువందల ఇరవైకి తెచ్చాడు. ఆ లోపల ఇంకో తల పోయింది. మిగిలిన ఏడూ విచ్చుకున్నాయి.

జూన్‌లో కొత్త కిట్టు కొనడానికి పాతదాని పేరు చూద్దామని పెట్టె బోర్లించాడు. అడుగున, విప్పని చిన్న ప్లాస్టిక్ కవరులో, గొట్టానికి సరిపోయే మూత ఉంది.