తడకర్రకి చిత్రిక

మా ఆయన స్టీల్‌ప్లాంటులో ఫిట్టరు. సెలవు రోజున అందరి మొగుళ్లూ పేకాడుకుంటుంటే ఈయన డాబా మీద కూర్చుని విళ్లు చెక్కేవాడు. బొమ్మవి కాదు, నిజంగా బాణం వేసేవి. కొండ దిగువ ఊళ్లో వాళ్ల తాత దగ్గర నేర్చుకున్న పని. డాబా అంతా చెక్కపొట్టే. ఊడ్చేదీ నేనే, తిట్టేదీ నేనే.

కర్రని చెక్కుకుంటూ పోయి, చెట్టు ఒక్క ఏడాదిలో పెరిగిన పొర దగ్గర ఆగాలట. విల్లు వీపు, అంటే తాడు లేని బయటి వైపు, పొడవునా ఆ ఒక్క పొరే ఉండాలట. అది తెగితే లాగినప్పుడు విల్లు అక్కడే విరుగుతుందట. ఈ మాట ఆయన నాకు వందసార్లు చెప్పి ఉంటాడు. నేను పోపు వేస్తూ ఊఁ కొట్టేదాన్ని. "నా సేతిలో ఇప్పటిదాకా ఒక్క పొర తెగనేదే" అని ప్లాంటులో అందరి దగ్గరా గొప్పలు పోయేవాడు.

రిటైరైన ఏడాదే వేళ్లు పట్టు తప్పాయి. చొక్కా గుండీలు నేనే పెట్టాల్సొచ్చింది. నరాల జబ్బన్నాడు డాక్టరు, చేతుల్లో బలం ఇంకో ఆరేడు నెలలు ఉంటే ఎక్కువన్నాడు. ఇంటికొచ్చాక మా ఆయన ఒక్కటే అన్నాడు. "ఈ సేతులు పన్జేసినప్పుడే ఇంకొక్క విల్లు సేసుకుంటానే."

మంచి కర్ర కోసం ఊళ్లో కలప అడితులన్నీ తిరిగాం. ఎక్కడ చూసినా మిల్లులో కోసిన టేకు, ఓడలో దిగిన విదేశీ దూలాలు. ఆఖరికి కంచరపాలెం వైపు ఒక అడితిలో ముసలాయన అటక మీంచి తడకర్ర దించాడు. ఎంత వంచినా విరగని కొండ కర్ర అది. రంపం పెట్టకుండా చీల్చి, ఏళ్ల తరబడి నీడన ఆరబెట్టింది. అదొక్కటే ఉంది. మా ఆయన దాన్ని వాసన చూశాడు, వేలితో కొట్టి విన్నాడు, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. పెళ్లిచూపుల్లో నన్ను కూడా అంతసేపు చూడలేదు. మేం వచ్చింది బస్సులో, అంత పొడుగు కర్ర ఎక్కనివ్వరు. "రేపు నాను ఆటోలో తెత్తాన్లే మావా" అన్నాను.

మర్నాడు ఒక్కదాన్నే వెళ్లాను. ముసలాయన భోజనానికెళ్లాడు, ఉంటే ఆపేవాడు. కర్ర చూస్తే వంకర, బెరడు, అంచుల్నిండా ముళ్లలాంటి పేళ్లు. గుండీ పెట్టుకోలేని వేళ్లు దీన్నెలా చెక్కుతాయా అనుకున్నాను. పక్కనే చిత్రిక మిషను దగ్గర ఒక కుర్రాడున్నాడు. "అన్ని పక్కలా నున్నగా తీసీ బాబూ" అన్నాను. అద్దంలా వచ్చింది. ఆటోలో దాన్ని ఒళ్లో పెట్టుకుని మురిసిపోయాను.

మా ఆయన దాని వీపు మీద బొటనవేలు పెట్టి ఆ కొస నుంచి ఈ కొస దాకా రాశాడు.

"ఎవులు సేసినారే?"

"నానే సేయించినాను మావా. నీకు పని తగ్గుద్దని."

పొరలు నాలుగైదు చోట్ల తెగిపోయి ఉన్నాయి. ఇంకో పొర దాకా చెక్కుదామంటే మందం మిగల్లేదు. ఇంకోటి కొందాం అన్నాను. "పచ్చికర్ర ఆరాలంటే రెండేళ్లే" అన్నాడు. మిగతాది ఇద్దరం అనలేదు. నాకు చేతనైంది అరవడమే కదా, అరిచాను. "ముందే సెప్పొచ్చు గదా! నోరు నేదేటి?"

చెప్పాడు. వందసార్లు చెప్పాడు.

ఆ వారంలోనే ప్లాంటు స్నేహితుడొకాయన ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకుని చూడ్డానికొచ్చాడు. గోడకి ఆనించిన కర్రని పట్టుకుని "ఇదేటి బావా, పొరలన్నీ తెంపీసినారు? ఎవుడా దరిద్రుడు?" అన్నాడు. నేను టీ గ్లాసులతో గుమ్మంలో ఉన్నాను.

మా ఆయన నా వైపు చూడలేదు. "నానే బావా. సేతులొణికిపోనాయి. ఆపుకోనేకపోనాను."

స్నేహితుడు కర్రని మళ్లీ గోడకి ఆనించాడు. తర్వాత మా ఆయన భుజం మీద చెయ్యేశాడు. వీధి వీధంతా వినపడే నా నోరు అప్పుడు పెగల్లేదు. టీ ఇచ్చి లోపలికొచ్చి, గిన్నెలు తోముతూ ఏడ్చాను. వాళ్లెళ్లాక ఎందుకలా చెప్పావని అడిగితే, "నిన్నంటే నాను పడనేనే" అన్నాడు, అంతే.

వానాకాలానికి చేతులు పూర్తిగా పడిపోయాయి. అన్నం నేనే కలిపి పెట్టాను. కిందటేడు పోయాడు.

పదో రోజున ఆ స్నేహితుడే భోజనాల దగ్గర అందరికీ చెప్పాడు. "పాపం, ముప్పై ఏళ్లు ఒక్క పొర తెంపనేదు మా బావ. ఆఖర్న ఆ సేతులే ఓడిపోనాయి." అందరూ అయ్యో అన్నారు.

ఓడిపోలేదు. ఆ కర్రకి ఆయన కత్తి తగలనే లేదు. పొరలు తెంపించింది నేను.

అప్పుడైనా చెప్పాల్సింది. విస్తళ్లలో ఇంకాస్త పప్పు వేసుకుంటూ ముందుకెళ్లిపోయాను.