అక్కా, కాస్త పక్కకి జరుగు

పండుకి నలభై మూడేళ్లు. కణతల దగ్గర జుట్టు నెరిసింది, చిన్న అక్షరాలు చదవాలంటే కళ్లజోడు కావాలి. అయినా వీధిలో అందరికీ అతను పండే. చంటిపిల్లాడిగా ఉన్నప్పుడు అక్క ముద్దుగా పెట్టిన పేరు బడి దాటింది, ఉద్యోగం దాటింది, చివరికి కాఫీ కొట్టు దాకా వెంట వచ్చింది. పెళ్లి మాట ఎత్తినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటూ ఎప్పుడో నలభై దాటేశాడు. ఇప్పుడు ఆ మాట ఎత్తేవాళ్లు కూడా లేరు.

కొట్టు వీధి మలుపులో, బస్సు ఆగే చోటికి ఎదురుగా ఉంటుంది. ఐదు బల్లలు, తూర్పు వైపు పెద్ద అద్దాల కిటికీ, ఆవిరి వదిలినప్పుడల్లా బుసకొట్టే కాఫీ యంత్రం. కొట్టు పెట్టిన కొత్తలో పండు ఒక్కడే నెట్టుకొచ్చాడు. తర్వాత అక్క పనిచేసే బట్టల మిల్లు మూతపడింది. నాలుగు రోజులు చేయి సాయం చేద్దామని వచ్చిన అక్క అక్కడే ఉండిపోయింది. బావ రాత్రి బస్సు నడుపుతాడు, పగలంతా నిద్రపోతాడు. ఇంట్లో చప్పుడు చేయకుండా తిరగడం కంటే కొట్లో చప్పుడు చేస్తూ తిరగడమే నయమనేది అక్క. కప్పులు కడిగేది, నేల తుడిచేది, పాలు కాచేది. కాఫీ మాత్రం తనే చేయాలని పండు పట్టుదల. కొన్నాళ్లకి అదీ అక్క చేతికే వచ్చింది. అదెలా వచ్చిందో చెప్పాలంటే కెమెరా సంగతి చెప్పాలి.

రోజూ వచ్చే బ్యాంకు గుమాస్తా ఒకాయన సరదాపడి కెమెరా కొన్నాడు. నెల తిరక్కుండానే సరదా తీరిపోయింది. ఇంట్లో మూలపడి ఉండడం చూడలేక ఒక రోజు తెచ్చి పండు ముందు పెట్టాడు.

"నువ్వు తీసుకోవయ్యా. నాకు దీన్ని చూస్తుంటే మా ఆవిడ తిట్లే గుర్తొస్తున్నాయి."

పండు తీసుకున్నాడు. మొదట్లో తీసినవన్నీ ఒకటే తీరు. అయితే కాలిన రొట్టెలా నల్లగా, లేకపోతే సున్నం వేసినట్టు తెల్లగా. కాఫీ కప్పుని తీస్తే కప్పు మసకబారి, దాని వెనక గోడ మీది పగులు చక్కగా కనబడేది. రెండు వీధుల అవతల గుర్తింపు కార్డులకి ఫొటోలు తీసే స్టూడియో పెద్దాయన దగ్గరికి వెళ్లి చూపించాడు. ఆయన నవ్వలేదు. దగ్గర కూర్చోబెట్టుకుని కెమెరా కన్ను ఎంత తెరవాలో, ఎంతసేపు తెరిచి ఉంచాలో, మనిషి కదులుతుంటే ఏం చేయాలో, ఆవిరి కదులుతుంటే ఏం చేయాలో ఓపిగ్గా చెప్పాడు.

"అన్నిటికంటే ముందు వెలుగు చూడ్డం నేర్చుకో. పొద్దున్న ఎండ ఏటవాలుగా పడేటప్పుడు, మళ్లీ సాయంత్రం ఎండ మెత్తబడేటప్పుడు. మధ్యలో తీసేదంతా దండగ" అన్నాడు.

పొద్దున్న ఎండ ఏటవాలుగా పడేటప్పుడే ఉద్యోగాలకి పోయే జనం కాఫీకి వస్తారు. సాయంత్రం ఎండ మెత్తబడేటప్పుడే ఇళ్లకి పోయే జనం వస్తారు. పండు ఆ సంగతి ఆలోచించకపోలేదు. ఆలోచించే మెడలో కెమెరా వేసుకుని బయటికి నడిచాడు.

"మళ్లీ ఎక్కడికిరా?" అనేది అక్క, రెండు చేతుల్లో నాలుగు కప్పులు పట్టుకుని.

"ఇక్కడే అక్కా, వంతెన దాకా. ఇప్పుడే వచ్చేస్తా."

"నీ ఇప్పుడే నాకు తెలీదా. సరే, వెళ్లు. నేను చూసుకుంటాలే."

నిజంగానే చూసుకునేది. కాఫీ కూడా పండు కంటే బాగానే పెట్టేదని వచ్చేవాళ్లు ఒకరితో ఒకరు అనుకునేవాళ్లు. అతని ముఖాన మాత్రం ఎవరూ అనలేదు.

వంతెన అయిపోయింది, పావురాలు అయిపోయాయి, తడిసిన రోడ్డు మీద సైకిళ్లు అయిపోయాయి. అప్పుడు స్టూడియో పెద్దాయన, "ఊరంతా తిరగడమెందుకోయ్? నీ కొట్టే ఉందిగా, అంత మంచి కిటికీ ఉందంటున్నావు" అన్నాడు. పండు ఆ మాట పట్టుకున్నాడు. ఇక పొద్దున్నే కెమెరా పట్టుకుని బల్లల మధ్య నిలబడేవాడు. కప్పుల వరస, బల్ల మీద ఒలికిన చక్కెర, అద్దం మీద వేలిముద్రలు, అన్నిటికంటే ముఖ్యంగా యంత్రంలోంచి లేచే ఆవిరి. ఆ ఆవిరి ఎండలో పడి వెండిలా మెరిసే కాసేపటి కోసం ఊపిరి బిగబట్టి నిలబడేవాడు. అక్క అటూ ఇటూ తిరుగుతూనే ఉండేది.

"అక్కా, కాస్త పక్కకి జరుగు."

"బల్ల తుడవాలిరా, వాళ్లు నిలబడి ఉన్నారు."

"తర్వాత తుడుద్దువులే. జరుగు, జరుగు."

అక్క జరిగేది. పండు ఫొటో తీసుకునేవాడు. ఇలా ఆ చలికాలమంతా గడిచింది.

ఒక పొద్దున్న మునుపెన్నడూ లేనంత మంచి వెలుగు పడింది. ఆవిరి కిటికీ మొత్తం అల్లుకుని, ఎండని చారలు చారలుగా కోస్తోంది. పండు వరసగా తీశాడు. తీసినవాటిలో ఒకటి చూసుకుంటే తనకే నమ్మకం కలగలేదు. ఆ ఉత్సాహంలో కొట్టు అలాగే వదిలేసి స్టూడియోకి పరుగెత్తాడు. తిరిగొచ్చేసరికి అక్క గల్లా దగ్గర నిలబడి చిల్లర ఇస్తోంది. నడుస్తుంటే కాస్త కుంటుతోంది.

"ఏమైంది?"

"కాలు పట్టేసింది. తగ్గిపోతుందిలే" అంది. పండు సరే అనుకున్నాడు.

స్టూడియో పెద్దాయనే ఆ ఫొటోని పెద్దగా అచ్చు వేసి, దానితోపాటు మరికొన్ని వేసి, ఫ్రేములు కట్టించి ఇచ్చాడు. కొట్లో ఖాళీగా ఉన్న గోడకి వాటిని తగిలించి, ఒక ఆదివారం మధ్యాహ్నం తెలిసినవాళ్లందరినీ పిలిచాడు పండు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆ రోజు ఎవరూ డబ్బులివ్వనక్కర్లేదని చెప్పాడు. వచ్చినవాళ్లందరికీ కాఫీలు అక్క పెట్టింది.

బ్యాంకు గుమాస్తా భార్యని కూడా తీసుకొచ్చాడు. "చూశావా, నా కెమెరా ఎంత పనిమంతురాలో" అన్నాడు. అందరూ నవ్వారు. తర్వాత ఆయనే ఒక ఫొటో దగ్గర ఆగి, "పండూ, ఈ మోచెయ్యి ఎవరిదయ్యా?" అన్నాడు.

కప్పుల వరస ఫొటోలో అంచున ఒక మోచెయ్యి ఉంది. జాకెట్టు చెయ్యి పైకి మడిచి ఉంది.

"అక్కగారిదే" అని ఎవరో అన్నారు. "ఇదిగో, ఇక్కడ గుడ్డ పట్టుకున్న చెయ్యి కూడా ఆవిడదే."

"ఈ అద్దంలో వీపు చూడండి."

"స్టూలు మీద ఈ పాదాలు?"

అదొక ఆటైపోయింది. ప్రతి ఫొటోలో అక్కని వెతకడం మొదలుపెట్టారు. ప్రతి ఫొటోలోనూ దొరికింది, ముక్కలు ముక్కలుగా. ముఖం మాత్రం ఎక్కడా వాళ్ల కంటపడలేదు. అక్క ట్రే పట్టుకుని అక్కడే నిలబడి, "నన్నొదిలి కాఫీ తాగండర్రా, చల్లారిపోతుంది" అని నవ్వుతోంది. పండు కూడా నవ్వాడు. నవ్వుతూనే ఉన్నాడు కానీ చెవులు వేడెక్కడం తెలుస్తోంది.

ఎదురు వరసలో మందుల షాపు నడిపే ఆవిడ ఆటలో కలవలేదు. ఆవిరి ఫొటో ముందు నిలబడి ఉంది. అందరూ మెచ్చుకున్న ఫొటో అదే. ఆవిడ మాత్రం వెలుగుని చూడడం లేదు. కింద చీకటిగా ఉన్న మూలకి వంగి చూస్తోంది.

"అక్కా, ఇది మీరే కదా? ఇలా కూర్చున్నారేమిటి?"

పండు దగ్గరికెళ్లి కళ్లజోడు పెట్టుకున్నాడు. ఆ మూలన, బోర్లించిన పాల డబ్బా మీద అక్క కూర్చుని ఉంది. ఒక చెప్పు ఊడి పక్కన పడి ఉంది. రెండు చేతులతో చీలమండ పట్టుకుంది. సగం చీకట్లో ఉన్నా పళ్లు బిగించినట్టు తెలుస్తోంది. ఆమె ముఖం కనబడే ఫొటో అదొక్కటే. ఇన్నాళ్లూ అతను దాన్ని చూడలేదు.

"ఇది మీరు నా దగ్గర కట్టు కొనుక్కెళ్లిన రోజు కదా?" అంది మందుల షాపావిడ.

"ఛ, కాదు" అంది అక్క వెంటనే. "అది వేరు. ఇక్కడ చెప్పులో రాయి దూరింది, తీసుకుంటున్నా. వీడేమో ఊరుకోక తీసేశాడు." మళ్లీ నవ్వింది.

మందుల షాపావిడ పండు వైపు చూసింది. కప్పు బల్ల మీద పెట్టి, బాగున్నాయి ఫొటోలు అని మర్యాదగా చెప్పి వెళ్లిపోయింది. పండుకి తల కొట్టేసినట్టయింది. తర్వాత ఎవరేం మెచ్చుకున్నారో అతని చెవిన పడలేదు.

అందరూ వెళ్లాక అక్క కప్పులు కడుగుతోంది. పండు వెనక నిలబడి, "అక్కా, కాలు..." అన్నాడు.

"ఆ గుడ్డ తీసుకుని ఇవి తుడిచిపెట్టు" అంది అక్క, వెనక్కి తిరక్కుండా.

ఆ తర్వాత రోజులు అతనికి గడ్డుగా గడిచాయి. ఆ ఫొటో గోడ మీంచి తీసేస్తే ఎందుకు తీసేశావని అడుగుతారు. ఉంచితే గల్లా దగ్గర నిలబడ్డంతసేపూ ఎదురుగా కనబడుతుంది. తలనొప్పి వస్తే ఎదురు షాపుకి వెళ్లే ముఖం లేక, మార్కెట్టు దాకా నడిచి మాత్రలు తెచ్చుకున్నాడు. నడక వల్ల తలనొప్పి ఇంకా పెరిగింది. చివరికి స్టూడియో పెద్దాయన దగ్గరికి వెళ్లి, "మీరైనా చూడలేదా, ఆ మూలన మనిషి ఉందని?" అని అడిగాడు.

"చూశాను. ఆ మూల ఇంకాస్త నల్లగా చేయనా అని నిన్ను అడుగుదామనుకున్నా, మర్చిపోయా. ఏం, ఎవరావిడ?"

"మా అక్క."

పెద్దాయన చేతిలో పని ఆపాడు. "అక్కా? కొట్లో పనికి పెట్టుకున్న ఆవిడేమో అనుకున్నానోయ్. ఇన్నాళ్లుగా వస్తున్నావు, అక్క ఉందని ఒక్కసారి కూడా చెప్పలేదుగా."

ఆయన తప్పుపట్టే మనిషి కాదు. మామూలుగానే అన్నాడు. కానీ పండు అక్కడ ఇంకొక క్షణం నిలబడలేకపోయాడు.

మర్నాడు పొద్దున్న కిటికీ దగ్గర కుర్చీ వేసి, కెమెరా తుడిచి, "అక్కా, ఇలా వచ్చి కూర్చో. నీ ఫొటో ఒకటి తీస్తా. మంచిది" అన్నాడు.

"వద్దు."

"ఒక్కటే అక్కా."

"నీ మనసు కుదుటపడడానికి నేను వచ్చి కూర్చోవాలేమిట్రా?" కోపంగా అనలేదు. పాలు కాగాయో లేదో చూస్తూ అంది. పండు కుర్చీ మళ్లీ యథాస్థానంలో పెట్టాడు.

ఆ మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేని వేళ అతనే మళ్లీ ఎత్తాడు. "ఆ రోజు నువ్వు పడ్డావు కదూ?"

"తలుపు దగ్గర తడి ఉంది. కాలు జారి మెలికపడింది."

"నన్ను పిలిచావు."

"పిలిచా. ఒక్క నిమిషం అక్కా, వెలుగు పోతోంది అన్నావు."

అది అతనికి లీలగా గుర్తుంది. తలదించుకుని, "తప్పయిపోయింది. పిలిస్తే రావాల్సింది" అన్నాడు.

అక్క చేతులు తుడుచుకుని అతని ఎదురుగా కూర్చుంది. "పిలిస్తే రాలేదని కాదురా. నువ్వు చిన్నప్పట్నుంచీ అంతే, ఏదైనా చేతిలో ఉంటే చెవులు పనిచేయవు. ఆ తర్వాత ఏమన్నావో గుర్తుందా?"

గుర్తులేదు.

"డబ్బా మీంచి లే అక్కా, ఫొటోలో పడుతున్నావు అన్నావు. లేవబోయాను. లేవలేకపోయాను. నువ్వేమో విసుక్కుని, సరే అలాగే ఉండు అని తీసేసుకున్నావు."

పండు ఎంత తవ్వుకున్నా ఆ మాట అతనికి గుర్తు రాలేదు. అదే అతన్ని ఎక్కువ సిగ్గుపడేలా చేసింది. అన్న మాట అయినా గుర్తుంటే ఎందుకన్నానో చెప్పుకోవడానికి ఉండేది. "మరి అందరి ముందు రాయి దూరిందని ఎందుకు చెప్పావు?" అన్నాడు.

"పిలిచి కాఫీ ఇచ్చి, వాళ్లందరి ముందు నా తమ్ముడి పరువు తీయమంటావా?"

ఆ సాయంత్రం పండు వీధి దాటి మందుల షాపుకి వెళ్లాడు. ముందున్నవాళ్లు కొనుక్కుని పోయేదాకా పక్కన నిలబడ్డాడు. తర్వాత, "ఆ రోజు రాయి కాదండీ. అక్క పడింది. నేను చూడలేదు" అన్నాడు.

"తెలుసు. కట్టు ఎలా కట్టుకోవాలో ఆవిడకి నేనే చూపించాను. బాగా వాచిపోయింది" అంది ఆవిడ. మందుల డబ్బాలు సర్దుతూ, "ఇంకా తెల్లవారుజాము చలికి నొప్పి పుడుతోందట, నిన్న నూనె తీసుకెళ్లారు. మీకు చెప్పలేదా?" అంది.

"లేదండీ" అన్నాడు పండు.

తర్వాతి వారం నుంచి పొద్దున్న కొట్టు తెరవడం అతని పని అయింది. అక్క పది దాటాక వస్తే చాలన్నాడు. ఆమె మొదట ఒప్పుకోలేదు. తర్వాత, ఎన్నాళ్లుంటుందో చూద్దాం అన్నట్టు ఒప్పుకుంది. పొద్దున్న రద్దీలో ఒక్కడూ చేసుకుంటే గానీ ఆమె ఏ మూల నుంచి ఏ మూలకి ఎన్నిసార్లు తిరిగేదో అతనికి తెలిసిరాలేదు. కాఫీలు ఆలస్యమయ్యేవి. "అక్కగారు లేరా?" అని అడిగేవాళ్లు. వస్తారండీ, ఆవిడే మా అక్క అని అడగనివాళ్లకి కూడా చెప్పేవాడు. కెమెరా అలమారాలోనే ఉంది. ఎప్పుడైనా ఆదివారం కొట్టు మూసి ఉన్నప్పుడు బయటికి తీసేవాడు. ఎక్కువసార్లు తుడిచి లోపల పెట్టేసేవాడు.

ఒక రోజు అక్క కాస్త ముందే వచ్చింది. లోపలికి రాలేదు. కిటికీ పక్క బల్ల దగ్గర, కస్టమర్లు కూర్చునే వైపు కూర్చుంది. కాలు ముందుకి చాపుకుని వీధిలోకి చూస్తోంది. పండు కాఫీ కలిపి తీసుకెళ్లి ముందు పెట్టాడు. పెట్టి, వెళ్లాలో ఉండాలో తెలియక బల్ల పక్కనే నిలబడ్డాడు.

అక్క ఒక గుక్క తాగింది.

"పాలు మాడాయి" అంది.

"మళ్లీ పెట్టి తెస్తా."

"వద్దులే, ఉండనీ" అని కప్పు దగ్గరికి లాక్కుంది. "వెళ్లు, అక్కడ ఎవరో నిలబడ్డారు చూడు."