బాబు జబ్బు

బట్టలు కుట్టే ఆవిడ కొడుక్కి ఏదో అంతుచిక్కని జబ్బుందని, అందుకే వారంవారం ఆసుపత్రికి మోసుకెళ్తుందని వీధంతా అనుకునేది. అక్కడ బీమా కార్డు లేని పెద్దవాళ్లను చూడరు, పసిపిల్లలను మాత్రం ఊరికే చూస్తారు. మొదటిరోజు ఆవిడ మెడలో కొలతల టేపు తీయడం కూడా మరిచి, గుండ్రాయిలాంటి పిల్లాణ్ణి ఎత్తుకుని వెళ్లింది.

"బాబుకేంటమ్మా?" అంది నర్సు. "నిద్ర పట్టట్లేదండీ. ముద్ద దిగట్లేదు. ఉత్తిపుణ్యానికే ఏడుపొస్తోంది." బాబు బోసినోటితో నవ్వుతూ నర్సు చెవిపోగు లాగుతున్నాడు. నర్సు ఆవిడ కళ్లకేసి చూసి, తలుపు దగ్గరగా వేసి, పిల్లాడి మీదికి వంగింది. "ఎప్పట్నుంచి నాన్నా, ఈ ఏడుపు?" "కాన్పయినప్పట్నుంచీ" అంది ఆవిడ. "చచ్చిపోవాలనిపిస్తోందా, బంగారం?" బాబు ఆవలించాడు. ఆవిడ మెడలోని టేపు కొస వేలికి చుట్టుకుంటూ, "అప్పుడప్పుడూ" అంది. "అయితే రేపూ రా, ఆపైన వారంవారం రా, నాన్నా. అమ్మని తోడు తెచ్చుకో." ఆ పిల్లాడికి ఇంతవరకూ జలుబైనా చేయలేదు.