సగం పచ్చది, సగం గులాబీది

ఆ రోజుల్లో నాకు ఎవరి మాటా కాదనలేని జబ్బు ఉండేది. ఇంగ్లండులోని బేసింగ్‌స్టోక్‌లో కొత్త ఉద్యోగం, చిన్న ఫ్లాట్, శనివారం వస్తే విమానం అంకుల్ గ్యారేజీ. రిటైరయ్యాక ఆయన పాత కారు ఇంజిన్ పెట్టి రెండు సీట్ల విమానం సొంతంగా కట్టుకుంటున్నారు. స్పానర్లు అందిస్తున్నందుకు రెండో సీటులో మొదటి సవారీ నాదేనని మాటిచ్చారు. (ఆ సంగతి ఫోన్లో చెబితే అమ్మ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.)

గొడవంతా ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ దగ్గర వచ్చింది. అంకుల్ గులాబీ రంగుది పోయాలన్నారు. ప్రతి శనివారం కారేసుకుని వచ్చే ఆయన ప్రాణస్నేహితుడు, నార్తాంప్టన్ అంకుల్, పచ్చదే మేలన్నారు.

"అల్యూమినియం ఇంజినయ్యా ఇది! గాల్లో వేడెక్కితే పక్కకి ఆపుకోడానికి రోడ్డు అంచున హార్డ్ షోల్డర్ ఉంటుందా?" అని ఈయన.

"ముప్పై ఏండ్ల సంది నా కార్లల్ల పచ్చదే పోస్తున్న. ఒక్కటన్న ఆగిందా?" అని ఆయన.

చివరికి ఇద్దరూ మాటలు మానేశారు. విమానం తనిఖీకి ఇన్‌స్పెక్టర్ రావడానికి వారమే ఉంది. ఆ సాయంత్రం ఒకరికి తెలియకుండా ఒకరు నాకు చెరో డబ్బా ఇచ్చి, ఇదే పొయ్యమన్నారు. ఇద్దరూ పెద్దవాళ్లు, ఇద్దరిళ్లలోనూ అన్నం తిన్నవాణ్ణి. పండగ పూట రెండిళ్లలో భోజనానికి పిలిస్తే అక్కడ సగం, ఇక్కడ సగం తిని వచ్చే అలవాటు కొద్దీ, అదీ సగం ఇదీ సగం పోసేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

వారం పాటు అంకుల్ ఇంజిన్ తిప్పి చూసుకున్నారు. శనివారం ఇన్‌స్పెక్టర్ మూత తీస్తే లోపల రెండూ కలిసి గడ్డకట్టిన గోధుమరంగు జున్ను! ఆయన సంతకం చెయ్యకుండానే పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు.

"నువ్వే కలిపావు!" అని విమానం అంకుల్ స్నేహితుడి మీదికి లేచారు.

"నేనెందుకు కలుపుతనయ్యా?"

ఇరవయ్యేళ్ల స్నేహం నా కళ్లముందే తెగిపోయేలా ఉంది. భయంతో నోరు విప్పాను. "అంకుల్, మీ ఇద్దరి మాటా కాదనలేక..."

"బుర్రుందా నీకు?"

"దిమాక్ ఉన్నదారా?"

మాటలు మానేసిన వారానికి, నన్ను తిట్టడంలో ఇద్దరూ ఒకే మాట మీదికి వచ్చారు. తర్వాతి రెండు శనివారాలూ నాచేత గొట్టాలు కడిగిస్తూ, టీ తాగుతూ, వంతులవారీగా తిట్టారు. ఆఖరికి ఇంజిన్ పుస్తకం తెరిస్తే అందులో పొయ్యమని ఉన్నది నీలం రంగుది!

అదే పోసి, ఇన్‌స్పెక్టర్ సంతకం పడ్డాక, మొదటి సవారీ నార్తాంప్టన్ అంకుల్‌కే దక్కింది. నా తల మీదుగా వెళ్తూ ఇద్దరూ చెయ్యి ఊపారు. సీటు పోయినందుకు చాలాకాలం ఏడ్చుకున్నాను. ఇప్పటికీ ఆఫీసు మీటింగుల్లో ఇద్దరికీ తలూపుతాను, కాకపోతే ఏదీ పోయను. వాళ్లిద్దరినీ మళ్లీ పక్కపక్కన కూర్చోబెట్టింది అప్పటి నాలోని ఆ వెర్రివాడే కదా అనుకుంటే, వాడిమీద కోపం రాదు.