బిషప్పుగారి పుస్తకంలో మా అమ్మ

కర్నూలు జిల్లాలో మా బిషప్పుగారికి ఒక పిచ్చి పట్టుకుంది. వెయ్యేళ్ళకు ముందెప్పుడో పడమటి దేశంలో ఒక బిషప్పు ఉండేవాడట. రాజులు చేసిన హత్యలు, కరువులు, తెగుళ్ళు, పాదిరీల తాగుడు, ఏదీ వదలకుండా తన కాలపు చరిత్ర రాసిపెట్టాడట. ఆ బిషప్పు జీవితాన్ని మా అయ్యగారు ఇంగ్లీషులో చదివి, ఆదివారం ఆదివారం ప్రసంగంలో మా ప్రాణం తీసేవారు. చివరికి, "ఆయప్ప రాజునే వదల్లేదు, మిమ్మల్ని నేను వదుల్తానా?" అని మా క్రైస్తవ సంఘాల చరిత్ర రాయించడం మొదలుపెట్టారు.

ఆయన కళ్ళకు శుక్లాలు. చెప్పేది ఆయన, రాసేది నేను. పగలు మిషన్ బడిలో పంతులుని. కరువులో గంజి కోసం బాప్తిస్మం తీసుకున్నదెవరు, రెండో పెళ్ళాన్ని దాచిందెవరు, అన్నీ పేర్లతో సహా రాశాను. నవ్వుకుంటూ రాశాను. పరాయివాళ్ళ తప్పులు రాయడంలో ఉన్న హాయి ఇంకెందులోనూ లేదు.

ఒకరోజు మా అమ్మ వంతు వచ్చింది. నా నాలుగో ఏట నాకు అమ్మవారు పోసింది. ప్రార్థనలకు జ్వరం తగ్గలేదు. అమ్మ పోయి ఊరిదేవత సుంకులమ్మకు కోడిని కోసింది. అందుకు సంఘం ఏడాదిపాటు ఆమెను రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వలేదు. ఊరంతా మరిచిపోయిన సంగతి అది.

"ఇది వద్దయ్యగారూ. చర్చిలో కోతపండగనాడు ఈ పుస్తకం అందరి ముందరా చదివితే మాయమ్మ తలెత్తుకోలేదు" అని బతిమాలాను.

"ఆ బిషప్పు తన పాపాలు గూడా రాసుకున్నాడప్పా. రాయి. ఈ రాస్తాండే వాని కోసరమే చేసిందని గూడా రాయి."

రాశాను. శుద్ధప్రతి ఎత్తిరాసేటప్పుడు ఆలోచించాను. పేరా మొత్తం ఎత్తేస్తే ఆయన పట్టేస్తారు. ఒక్క మాట మారిస్తే ఎవరికీ తెలీదు. ఆ ఒక్క మాటతో అమ్మను కాపాడలేదు, నన్ను నేను కాపాడుకున్నాను. 'ఈ రాసేవాని కోసం' కొట్టేసి 'ఒక బిడ్డ కోసం' అని రాశాను. పంతులు పరువు మరి.

కోతపండగనాడు చదవమని నన్నే నిలబెట్టారు. కొడుకు రాసిన పుస్తకమని అమ్మ ఉతికిన కోక కట్టుకొని, జొన్నకంకులు తెచ్చి ముందు వరుసలో కూర్చుంది. ఆమె పేరు వచ్చింది. ఆగకుండా చదివాను. వెనక ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. అయ్యగారు మార్పు విన్నారో లేదో, కళ్ళు మూసుకొని తల ఊపారు.

ఇంటికి పోయే దారిలో అమ్మ అడిగింది.

"నా పేరు రాసినావు, సరే. ఆ బిడ్డ ఎవురో యాల రాయలేదు నాయనా? నువ్వేనని రాసింటే, బతికిన బిడ్డ ముందర నిలబడి చదవతాండాడని నాకు సిగ్గే ఉండేది గాదు గదా."